ఎక్కడ అల్లిన శాలువా అక్కడే

వేసవి సెలవుల్లో మొదటి ఆదివారం ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, ఊలు కొట్టుకి వెళ్ళి, ఒక శాలువాకి సరిపడా ఊలు కొనుక్కుని, పన్నెండు లోపల ఇల్లు చేరాలి. ఇందులో పొరపాటు జరగడానికి ఎక్కడా సందు లేదు. నలుగురి ముందు నోరు జారుతుందన్నది మాత్రం ఆవిడ పథకంలో రాసుకోలేదు.

ఆ కొట్టు యజమానురాలిని అందరూ ఊలక్క అంటారు. ఏటా వేసవిలో ఆవిడ ఓ ఇరవైమందిని పోగేసి శాలువాలు అల్లిస్తుంది. ఎవరింట్లో వాళ్ళు అల్లుకోవాలి. ఆదివారం సాయంత్రాలు కొట్టు వెనక గదిలో చేరి ఎవరిది ఎంతవరకు వచ్చిందో చూపించుకోవాలి. ఆరు వారాలు నిండిన ఆదివారం ఐదు గంటలకు పూర్తయిన శాలువాని బల్ల మీద పరవాలి. అప్పుడు ఊలక్క తన పొడుగాటి పుస్తకంలో, ఆ మనిషి పేరు ఎదురుగా, ‘పూర్తయింది’ అని రాస్తుంది. ఎండలు మండిపోతుంటే శాలువాలేమిటని ఎవరైనా అడిగితే, “చలి మొదలయ్యాక అల్లితే చలి పోయాక తయారవుతుంది. నాకు అనుభవం,” అంటుంది.

టీచరమ్మ ఇందులో చేరడం ఇది ఎనిమిదోసారి. ఆవిడ పేరు ఎదురుగా ఆ మాట ఇంతవరకు పడలేదు. ఇంట్లో మంచం కింద పెట్టెలో ఏడు సగం శాలువాలున్నాయి. హైస్కూల్లో భూగోళం చెప్పే మనిషి. ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో తడుముకోకుండా చెబుతుంది గానీ, ఆవిడ శాలువాల్లో ఒక్కటీ సముద్రం దాకా వెళ్ళలేదు. ఆరంభశూరత్వంలో మాత్రం ఆవిడని మించినవాళ్ళు లేరు.

ఆ ఏడూ అత్తగారి కోసం మొదలుపెట్టినవే. కోడలికి అల్లిక నేర్పింది అత్తగారే. ఏడేళ్ళ కిందట కీళ్ళనొప్పులతో వేళ్ళు బిగుసుకుపోయి ఇక సూది పట్టలేనని తేలిన రోజున, పెద్దావిడ తన చెక్క సూదుల జతని కోడలి చేతిలో పెట్టి, “నేనెలాగూ అల్లలేను. నువ్వు అల్లి నాకు కప్పు,” అంది. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే టీచరమ్మకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ ఉదయం కొట్టులో పళ్ళ డాక్టరమ్మ నవ్వుతూ, “ఈసారిది కూడా పెట్టెలోకేనా టీచరమ్మా? పెట్టె నిండిపోయి ఉంటుందే!” అంది. హాస్యానికే అంది. కానీ టీచరమ్మకి చురుక్కుమంది.

“ఈసారి పూర్తి చెయ్యకపోతే మా అత్తయ్య సూదులు ఊలక్క చేతిలో పెట్టేసి, మళ్ళీ ఈ జన్మలో ఊలు ముట్టుకోను!” అనేసింది.

ఊలక్క పుస్తకం తీసి ఆ మాట కూడా రాసుకుంది.

“మాటవరసకి అన్నానక్కా.”

“నా దగ్గర ఏ వరసైనా లెక్కలోకే వస్తుందమ్మా.”

ఇలాంటి శపథం చేసిన మనిషి తేలికైన అల్లిక ఎంచుకోవాలి. టీచరమ్మ గోడకి వేలాడుతున్న నమూనాలన్నీ చూసి, అన్నిటికన్నా కష్టమైనది ఎంచుకుంది. వరసకి నూట ఇరవై కుట్లు, మొత్తం నూట ఎనభై వరసలు, ప్రతి ఆరో వరసా చిన్న చిన్న చిల్లులతో వలలా రావాలి. రంగు కోసం అత్తగారికి ఫోన్ చేసింది.

“మరకలు కనబడని రంగు తీసుకో అమ్మాయ్.”

“తేనె రంగు బాగుందత్తయ్యా.”

“సరేలే. తేనె ఒలికితే కనబడదు.”

వచ్చేస్తుంటే ఊలక్క ఒక చిన్న యంత్రం చేతిలో పెట్టింది. గోళీకాయంత ఉంటుంది. ఒక వరస అల్లగానే మీట నొక్కితే అందులో అంకె ఒకటి పెరుగుతుంది. “లెక్క తప్పకుండా ఉంటుంది,” అని మరీ ఇచ్చింది.

మొదటి వారం పెళ్ళినడకలా కాకుండా బాగానే సాగింది. టీచరమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ పక్కన కూర్చుని రోజుకి నాలుగు వరసలు అల్లేది. సాయంత్రం కాఫీల దగ్గర లెక్క చెప్పేది. శనివారం సాయంత్రం, “ఇరవై నాలుగు!” అని ప్రకటించింది. అత్తగారు తలూపింది. భర్త పేపరు తిరగేశాడు.

భర్తది గడియారాల మరమ్మతు దుకాణం. అందరూ వాచీల డాక్టరంటారు. అల్లిక ప్రస్తావన వస్తే, “నాకు ముల్లంటే గడియారం ముల్లే. ఇంకో ముల్లు పట్టను,” అంటాడు. నిజానికి పదేళ్ళప్పుడు కాలు విరిగి మంచాన పడితే తల్లి ఆయనకి అల్లిక నేర్పింది. రెండు మఫ్లర్లు కూడా అల్లాడు. అందులో ఒకటి మెడకి చుట్టుకుని బడికెళ్ళి, ఎవరు అల్లారంటే నిజం చెప్పి, ఆ ఏడాదంతా తోటిపిల్లల చేత పడరాని మాటలు పడ్డాడు. అప్పటినుంచి ఆ విద్యని రహస్యంగా దాచుకున్నాడు. పెళ్ళాం కూడా ఎరగదు.

కానీ సూదులు ఇచ్చేస్తానని కొట్టులో టీచరమ్మ అన్న మాట ఆయన దాకా వచ్చి మనసులో ముల్లులా గుచ్చుకుంది. తన తల్లి సూదులవి. మర్నాడు ఉదయం టీచరమ్మ ఐదున్నరకి రోజూలాగే నడకకి వెళ్ళగానే, ఆయన వాచీలు చూసే భూతద్దం కంటికి తగిలించుకుని, బుట్టలోంచి శాలువా తీసి, రెండు వరసలు అల్లాడు. నిజాయితీపరుడు కాబట్టి మీట రెండుసార్లు నొక్కాడు. ఆరున్నరకి ఆవిడ తిరిగొచ్చేసరికి పేపరు చదువుతున్నాడు.

అదే రోజు పదకొండింటికి టీచరమ్మ బజారుకి వెళ్ళింది. అత్తగారు బుట్ట దగ్గర కూర్చుని శాలువాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. “ఇంత బిగుతా! ఊపిరాడొద్దూ దీనికి?” అని గొణుక్కుంటూ, ఆ రెండు వరసలూ మెల్లగా ఊడదీసి, ఊలుని ఉండకి చుట్టేసి, ఎప్పటిలా సర్దిపెట్టింది. ఆవిడ వేళ్ళు సూది పట్టడానికి పనికిరావు గానీ, పోగు లాగడానికి భేషుగ్గా పనికొస్తాయి. గోళీకాయ యంత్రమేమిటో ఆవిడకి తెలీదు, ముట్టుకోలేదు.

మధ్యాహ్నం టీచరమ్మ చూసేసరికి యంత్రంలో ఇరవై ఆరుంది. నిన్న ఇరవై నాలుగు అన్నట్టు గుర్తే. ఏమో, తరవాత రెండు అల్లి మరిచిపోయానేమో అనుకుంది. యంత్రం లెక్కనే నమ్మి ముప్ఫయ్యో వరసలో చిల్లులు వేసింది. శాలువాలో అది ఇరవై ఎనిమిదో వరస. చిల్లులు రావలసిన చోటికి రెండు వరసల ముందే వచ్చి కూర్చున్నాయి. ఆ పూట అల్లినంతా విప్పి మళ్ళీ అల్లింది. అల్లిన ప్రతిసారీ మీట నొక్కింది.

ఇక రోజూ ఇదే తంతు. తెల్లవారగానే వాచీల డాక్టరు రెండు వరసలు అల్లడం, పదకొండింటికి ఆయన తల్లి రెండు వరసలు విప్పడం. శాలువా ఎంతకీ పెరగకపోయేసరికి, తన భార్య పాపం అల్లలేక అలిసిపోతోందని ఆయన రెండుని నాలుగు చేశాడు. అవతల పెద్దావిడా నాలుగూ విప్పింది. యంత్రం మాత్రం ముందుకే తప్ప వెనక్కి తిరగదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు. ఇక్కడ గొంగళి శాలువా అయింది.

టీచరమ్మకి లోలోపల భయం పట్టుకుంది. పందొమ్మిదేళ్ళుగా చదువు చెప్పిన పిల్లల హాజరు నంబర్లు కూడా గుర్తున్న మనిషి. ఆ జ్ఞాపకశక్తి ఆవిడకి నగలాంటిది. నిన్న అల్లిన వరసలు ఇవాళ గుర్తుండటం లేదంటే ఎవరితో చెప్పుకుంటుంది? గిన్నెలు కడుగుతూ నదుల పేర్లు వరసగా అప్పజెప్పుకునేది. ఒకటి కూడా తప్పేది కాదు. అయినా మధ్యాహ్నం బుట్ట తెరిచేసరికి వరసలు తప్పేవి.

మూడో ఆదివారం ఊలక్కని పక్కకి పిలిచి చెప్పింది. ఊలక్క నొసలు చిట్లించి ఆలోచించి, “ఒక పని చెయ్యి. రోజూ ఆపే ముందు చివరి వరస కుట్లన్నిట్లోంచి ఒక తెల్లదారం గుచ్చి వదిలెయ్. మర్నాడు దారం ఎక్కడుంటే అంతవరకు అల్లినట్టు. ఇక అనుమానమే ఉండదు,” అంది. పళ్ళ డాక్టరమ్మ పళ్ళ సందులు శుభ్రం చేసుకునే నున్నటి దారం చుట్టొకటి ఇచ్చింది.

టీచరమ్మ ఆ సాయంత్రమే దారం గుచ్చింది. మర్నాడు పదకొండింటికి అత్తగారు శాలువాలో వేలాడుతున్న తెల్లటి పోగు చూసి, “ఇదేమిటి, పరాయి పోగు?” అని లాగేసి, చక్కగా చుట్టి గుండీల డబ్బాలో దాచింది. మధ్యాహ్నం దారం కనబడకపోయేసరికి టీచరమ్మ బుట్టంతా బోర్లించి వెతికింది. గుచ్చడం కూడా మరిచిపోయానన్నమాట! ఇంట్లో ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. అడిగితే, ఎందుకడుగుతున్నావంటారు.

ఊలక్క నోట్లో నువ్వుగింజ నానదు. గోరంతది కొండంతైంది. వారం తిరక్కుండా అల్లికల మిత్రులు ఒక్కొక్కరే పలకరించడానికి వచ్చారు. ఒకావిడ నానబెట్టిన బాదం పప్పులు తెచ్చింది. ఒకావిడ పదకేళీల పుస్తకం తెచ్చింది. ఒకావిడ ఏమీ తేకుండా, టీచరమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా, విడమరిచి, “నన్ను గుర్తుపట్టావా?” అని అడిగింది. గుర్తుపట్టానని చెబితే కళ్ళు తుడుచుకుంది.

నాలుగో వారం పూర్తయ్యేసరికి యంత్రం నూట ఎనభై రెండు చూపించింది. దాని ప్రకారం శాలువా పూర్తయి, రెండు వరసలు ఎక్కువే అయ్యాయి కూడా. ఒళ్ళో చూస్తే సరిగ్గా అరవై వరసలున్నాయి. ఆ ఆదివారం సాయంత్రం ఊలక్క ఎంతో సున్నితంగా, “సూదులు నీ దగ్గరే ఉంచుకో తల్లీ, నేనేమీ అనుకోను,” అంది. ఆ జాలి టీచరమ్మని కోసేసింది. కోప్పడినా బాగుండేది.

మర్నాడు సోమవారం ఉదయం నడకకని బయల్దేరి వీధి మలుపు తిరగ్గానే చెప్పు తెగింది. చెప్పు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చి తలుపు నెట్టబోయి, కిటికీలోంచి లోపలికి చూసి ఆగిపోయింది. భర్త ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. కంటికి భూతద్దం. నాలిక చివర పళ్ళ మధ్య. చేతిలో తేనె రంగు శాలువా. వరస చివరికి రాగానే యంత్రం మీట నొక్కి, అంకె చూసి తృప్తిగా తలూపాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తెగిన చెప్పు పట్టింది. టీచరమ్మకి నవ్వు, ఏడుపు కలిసి ఒక్కసారే వచ్చాయి. మతి పోలేదు! తన మతి ఉన్నచోటే ఉంది! లోపలికి పరిగెత్తి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. కానీ ఆయన ముఖంలో పదేళ్ళ పిల్లాడి ఏకాగ్రత చూసి, చప్పుడు చెయ్యకుండా మెట్ల మీద కూర్చుంది. అప్పుడు అసలు ప్రశ్న తట్టింది. ఈయన రోజూ అల్లుతుంటే మరి శాలువా పెరగదేం?

ఆ జవాబు కోసం పదకొండింటికి సంచీ పట్టుకుని బజారుకని బయల్దేరి, పెరటి దారిన తిరిగొచ్చి వంటింటి తలుపు వెనక నిలబడింది. అత్తగారు పోగు లాగుతోంది. ఒక్కో కుట్టూ టప్‌మని విడిపోతుంటే ఆవిడ పెదాలు కదులుతున్నాయి, కాళ్ళు ఆడుతున్నాయి. ఊలు మళ్ళీ చేతిలోకి వచ్చినందుకు ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఏడేళ్ళుగా ఆ ముఖంలో ఆ వెలుగు లేదని టీచరమ్మకి అప్పుడే తెలిసింది.

చెప్పేస్తే మొగుడు సిగ్గుతో చితికిపోతాడు, అత్తగారు మళ్ళీ ఊలు ముట్టుకోదు. చెప్పకపోతే సూదులు పోతాయి. ఇంకా నూట ఇరవై వరసలున్నాయి. చేతిలో పన్నెండు రోజులున్నాయి, ఎందుకంటే ఆఖరి శనివారం తడిపి ఆరబెట్టడానికే సరిపోతుంది. రోజుకి పది వరసలు పడాలి. ముప్ఫై అయిదుమంది పిల్లల్ని ఒక్క బెత్తం లేకుండా అదుపులో పెట్టే మనిషికి ఇద్దరు పెద్దవాళ్ళొక లెక్కా అనుకుంది టీచరమ్మ.

ముందు ఆయన బిగుతు సంగతి చూసింది. బిగుతుగా అల్లే చేతికి కాస్త లావు సూదులిస్తే అల్లిక వదులవుతుంది. అత్తగారి సూదుల రంగులోనే కాస్త లావుపాటి జత కొనుక్కొచ్చి, నడకకి వెళ్ళే ముందు కుట్లన్నీ వాటి మీదకి ఎక్కించేది. తిరిగొచ్చాక మళ్ళీ పాత సూదుల మీదకి మార్చేది. తను మధ్యాహ్నం ఆరేడు వరసలు అల్లేది. సాయంత్రం కాఫీల దగ్గర, మర్నాడు ఆయన అల్లబోయే నాలుగూ కలిపి లెక్క చెప్పేది. దానివల్ల పదకొండింటికి అత్తగారు చూసేసరికి, చెప్పిన లెక్కా ఉన్న వరసలూ సరిపోయేవి. అల్లిక కూడా ఒక్క చేతి అల్లికలా ఉండేది.

రెండు రోజులు పథకం గడియారంలా నడిచింది. మూడో రోజు వాచీల డాక్టరు దుకాణం మానేసి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

“కళ్ళకేమైందండీ?” అంది టీచరమ్మ.

“ఏం లేదోయ్. సన్నవి కాస్త లావుగా కనిపిస్తున్నాయి. చూపించుకుందామని.”

“డాక్టరేమన్నారు?”

“నా కళ్ళకేం లోటు లేదన్నారు,” అన్నాడాయన, పేపరు వెనక్కి వెళ్ళిపోతూ.

అత్తగారి పరిస్థితి ఇంకా ఘోరం. విప్పడానికి ఏమీ దొరక్క పెద్దావిడ దిగాలు పడిపోయింది. భోజనం దగ్గర సరిగ్గా తినలేదు. “ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?” అంటే, “బాగానే ఉందమ్మా. పొద్దు పోవడం లేదు, అంతే,” అంది.

మర్నాడు నడకనుంచి వచ్చాక, పాత సూదుల మీదకి మార్చి, టీచరమ్మ తనంతట తాను రెండు వరసలు తప్పుగా అల్లింది. వాటికి మీట నొక్కలేదు. ఎనిమిదేళ్ళుగా తెలియక తప్పులు చేసిన మనిషికి తెలిసి తప్పు చెయ్యడం ఎంత కష్టమో అప్పుడే అర్థమైంది. ఎక్కడ కుట్టు జారవిడవాలో బాగా ఆలోచించి, శ్రద్ధగా జారవిడిచింది. బజారునుంచి వచ్చేసరికి రెండు తప్పు వరసలూ మాయం. అత్తగారు కూర రెండోసారి వడ్డించుకుంది.

అలా ఒకరు అల్లుతూ, ఒకరు విప్పుతూ, ఒకరు ఇద్దరికీ పని పురమాయిస్తూ శాలువా పెరిగింది. రెండో శుక్రవారం నాటికి ఆఖరి నాలుగు వరసలే మిగిలాయి. అవి ఆయన వంతు. మధ్యాహ్నం తను కూర్చుని కుట్లు వదులుగా మూసేస్తే పని పూర్తి. టీచరమ్మ ఎంతో నిశ్చింతగా నడకకి వెళ్ళింది.

తిరిగొచ్చి బుట్ట తెరిచింది. ఉత్సాహం పట్టలేక ఆయన నాలుగు వరసలూ అల్లి, కుట్లు కూడా తనే మూసేశాడు. అదీ వాచీ వెనక మూత బిగించినట్టు బిగించాడు. అంచంతా ముడుచుకుని శాలువా సంచీ మూతిలా తయారైంది. ఒక మనిషి తల మాత్రం పడుతుంది. ఆయన ఈల వేసుకుంటూ దుకాణానికి వెళ్ళిపోయాడు. తిట్టడానికి లేదు. తనకేమీ తెలీనట్టు ఉండాలి కదా!

ఆ బిగుతు ముడులు విప్పాలని చూస్తే టీచరమ్మ గోరు విరిగింది తప్ప ఒక్క కుట్టు కదల్లేదు. ఇక ఒకే ఒక్క దారి. పదకొండింటికి సంచీ పట్టుకుని బయల్దేరి, కూరల దుకాణం చుట్టూ ఏమీ కొనకుండా ఐదుసార్లు తిరిగి, గంటన్నర గడిపింది. తన అత్తగారు అత్తగారిలాగే ఉండాలని జీవితంలో మొదటిసారి కోరుకుంది.

ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలిగించలేదు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఒళ్ళో శాలువా, బిగుతంతా వదిలి, హాయిగా పరుచుకుని ఉంది. నూట ఇరవై కుట్లూ ఒక్కటి కూడా జారకుండా సూది మీద ఎక్కి ఉన్నాయి. విప్పడం ఒక ఎత్తు. విప్పిన కుట్లని ఒక్కొక్కటే సూది మీదకి ఎక్కించడం మరో ఎత్తు. ఏడేళ్ళుగా సూది పట్టని వేళ్ళు కణుపుల దగ్గర ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“వంట ఆలస్యమైందమ్మాయ్. కళ్ళు మూతలు పడ్డాయి,” అంది పెద్దావిడ.

“ఫర్వాలేదత్తయ్యా,” అని టీచరమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయలు తరగకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం కుట్లు వదులుగా మూసేసి, సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో శాలువాని తడిపి, మంచం మీద పరిచి, అంచులు లాగి గుండుసూదులు గుచ్చింది. తడిసిన ఊలు సాగుతుందని తెలుసు గానీ, మంచమంతా తనే పడుకుంటుందని తెలీదు. ఆ రెండు రోజులూ దంపతులు హాల్లో చాప మీద సర్దుకున్నారు.

ఆదివారం ఐదింటికి కొట్టు వెనక గది కిటకిటలాడింది. టీచరమ్మ మొగుణ్ణీ అత్తగారినీ కూడా వెంటబెట్టుకొచ్చింది. తేనె రంగు శాలువా బల్ల మీద పరవగానే చిల్లుల్లోంచి వెలుతురు పడి బల్లంతా చుక్కలు పూసింది. పళ్ళ డాక్టరమ్మ ముందుగా చప్పట్లు కొట్టింది. బాదం పప్పులావిడ, “నేను చెప్పలా, బాదం పనిచేస్తుందని!” అంది. ఊలక్క కలం తీసింది. ఇంతలో బుట్టలోని గోళీకాయ యంత్రం మీద ఆవిడ చూపు పడింది.

“నమూనాలో నూట ఎనభై వరసలే కదా టీచరమ్మా. ఇందులో మూడు వందల ఆరు ఉందేమిటి?”

టీచరమ్మకి అబద్ధం ఆడటం చేతకాదు, నిజం చెప్పడం ఇష్టం లేదు. ఆవిడ ముఖం ఎర్రబడటం చూసి వాచీల డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

“అందులో కొన్ని... నేనల్లినవి,” అన్నాడు, ఇరవైమంది ఆడవాళ్ళ ముందు. ఆయన చెవులు కందిపోయాయి. ఎవరూ నవ్వలేదు. పదేళ్ళప్పటి బడి కాదు కదా ఇది. ఒకావిడ మాత్రం, “మా ఆయనకి కూడా నేర్పుతారా?” అని అడిగింది.

“మీరు అల్లుతున్నట్టు నాకు తెలుసండీ,” అంది టీచరమ్మ మెల్లగా.

“నీకు తెలుసని నాకూ తెలుసోయ్. కళ్ళకేం లోటు లేదని డాక్టరు చెప్పాక దుకాణంలో కొలిచాను. సూది అర మిల్లీమీటరు లావుంది. పైగా సాయంత్రం నువ్వు నాలుగు వరసలు ఎక్కువ చెబుతుంటే, ఆ నాలుగూ ఎవరల్లాలో అర్థం కాదూ? అంత నమ్మకంగా పని అప్పజెప్పాక ఎలా మానను?”

ఇద్దరూ భయంభయంగా పెద్దావిడ వంక చూశారు. ఆవిడ శాలువా అంచు తడుముతూ, తల ఎత్తకుండానే అంది:

“ఒరేయ్, నీ చెయ్యి నాకు తెలీదట్రా? నేర్పిందే నేను. మొదటి రోజే తెలుసు. అప్పుడూ ఇంతే బిగుతు, రెండు మఫ్లర్లూ గొంతుకి ఉరిలాగే అల్లావు. పిల్ల శాలువా పాడుచేస్తున్నావని విప్పాను. సిగ్గుపడతావని చెప్పలేదు.” తరవాత కోడలి వైపు తిరిగింది. “నువ్వు మాత్రం తక్కువా? ఆ తప్పు వరసలు! నువ్వు మామూలుగా చేసే తప్పులు నాకు కంఠస్థం అమ్మాయ్. అంత పద్ధతిగా, సరిగ్గా ఐదేసి కుట్లకొకటి జారవిడిచి ఎప్పుడైనా తప్పు చేశావా?”

“మరి ఎందుకు విప్పారత్తయ్యా?”

“నాకోసం అంత కష్టపడి అల్లితే విప్పకపోతే బాగుంటుందా?”

టీచరమ్మ ఇక ఆగలేదు. ఆ కందిన వేళ్ళు రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. తరవాత శాలువా ఎత్తి, ఎనిమిదేళ్ళకి, అంత ఉక్కలోనూ అత్తగారి భుజాల చుట్టూ కప్పింది. గదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. పెద్దావిడకి చెమటలు పోస్తున్నాయి. అయినా తియ్యనివ్వలేదు.

ఊలక్క ముక్కు తుడుచుకుని, టీచరమ్మ పేరు ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ‘పూర్తయింది’ అని రాసింది. సూదుల గురించి రాసుకున్న శపథం మీద అడ్డంగా గీత కొట్టేసింది. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలో అత్తగారు కళ్ళజోడు సరిచేసుకుని, శాలువా కొసని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. “అమ్మాయ్, ఈ మూల ఒక్క కుట్టు...” అంటూ పోగు మీద వేలు వేసింది. కొడుకూ, కోడలూ, పళ్ళ డాక్టరమ్మా ముగ్గురూ ఒక్కసారే ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

ఊలక్క మళ్ళీ పుస్తకం తెరిచి, ‘పూర్తయింది’ పక్కన పెన్సిలుతో ‘ప్రస్తుతానికి’ అని చేర్చింది.